గురువారం టై కట్టుకోవద్దు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పండగల గురించే. మన పండగలు కాదు, జర్మనీవాళ్లవి. ఇక్కడ చదువుకుంటున్న పిల్లలు రాసినవి కొన్ని, ఊళ్లో ఉండి వాళ్ల కోసం బెంగపడుతున్న పెద్దవాళ్లు రాసినవి కొన్ని. నేను 2008 అక్టోబరులో చదువు కోసం ఆఖెన్ వచ్చి, అక్కణ్ణుంచి కొలోన్ చేరి, ఇక్కడే ఉండిపోయిన తిరుపతివాణ్ణి. నాకు బాగా తెలిసింది రైన్ నది పక్కనున్న ఈ కాస్త ప్రాంతమే. మ్యూనిక్ బీరు పండగ గురించి అడిగిన ముగ్గురూ క్షమించాలి, నేనింకా దాని మొహం చూడలేదు.

ఆఖెన్‌లో మాస్టర్స్ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. ఫిబ్రవరిలో పరీక్షలు. అప్పుడే కార్నివాల్ అట, మా ఫ్లోర్‌లో వాళ్లంతా కొలోన్ వెళ్తూ నన్నూ రమ్మంటున్నారు. నేను తాగను. వేషం వేసుకోవాలంటే సిగ్గు. వెళ్లకపోతే ఎవరితో కలవడు అనుకుంటారేమోనని టెన్షన్. అసలు అంతమంది వేషాలేసుకుని ఏం చేస్తారన్నయ్యా?
— ఒక విద్యార్థి, ఆఖెన్

తమ్ముడూ, ముందు నీ పరీక్షల తారీఖులు చూసుకో. ఈస్టర్‌ని బట్టి ఈ పండగ తారీఖు ఏటా మారుతుంది. 2027లో అయితే ఫిబ్రవరి 4 గురువారం వీధిలోకొచ్చి, 9 మంగళవారం అర్ధరాత్రితో అయిపోతుంది. మధ్యలో వచ్చే సోమవారం, అంటే రోజెన్‌మోంటాగ్, ప్రభుత్వ సెలవు కాదు. అయినా ఈ చుట్టుపక్కల ఊళ్లలో క్లాసులూ ఆఫీసులూ దుకాణాలూ చాలామటుకు మూసేస్తారు. బుధవారం పొద్దున మాత్రం అందరూ ఏమీ ఎరగనట్టు పనిలోకొస్తారు. ఆ బుధవారం నీకు పరీక్ష ఉంటే మంగళవారం రాత్రి వైపు చూడకు. ఆరు రోజులూ రమ్మని ఎవరూ అడగరు, ఒక్కరోజు వెళ్లు. ఏ రోజన్నది చెప్తాను గానీ, ముందు నా టై సంగతి విను.

2009 ఫిబ్రవరి 19, గురువారం. కొలోన్‌లో ఒక చిన్న కంపెనీలో పార్ట్‌టైమ్ ఉద్యోగానికి పొద్దున పదకొండున్నరకి ఇంటర్వ్యూ. నా దగ్గరున్నది ఒకటే టై, మా నాన్న రిటైర్మెంట్ సభకి కట్టుకున్న మెరూన్ రంగుది. నేను బయల్దేరేటప్పుడు ఆయనే పెట్టెలో పెట్టారు. దాన్ని ఇస్త్రీ కూడా చేసి కట్టుకున్నాను. రైలెక్కితే ఎదురు సీట్లో రెండు తేనెటీగలు, పక్కన ఒక ఆవు. ఏదో కాలేజీ నాటకం అనుకున్నాను. ఆఫీసుకి వెళ్తే రిసెప్షన్‌లో యాభై దాటిన ఆవిడ, నెత్తిన మంత్రగత్తె టోపీ, నవ్వుకుంటూ లేచొచ్చింది. చేతిలో కత్తెర. నేను నమస్కారం పెట్టేలోపే టైని సగానికి కచక్‌మని కోసేసి, బుగ్గమీద తగిలీ తగలనట్టు ముద్దు పెట్టి, ఇక లోపలికి వెళ్లమంది. ఏడుపొక్కటే తక్కువ. లోపల వాళ్లు నా సర్టిఫికెట్లు చూసినట్టే లేదు. "ఎప్పట్నుంచి రాగలవు?" అని అడిగారు.

ఆ గురువారాన్ని వైబర్‌ఫాస్ట్‌నాఖ్ట్ అంటారు. 11 గంటల 11 నిమిషాలకి ఆల్టర్ మార్క్ట్ అనే పాత బజారు కూడలిలో మొదలవుతుంది. ఆరోజు పెత్తనం ఆడవాళ్లది. టై మగవాడి పెత్తనానికి గుర్తు, అందుకని కోస్తారు. ఆ ముద్దు పేరు బ్యూట్స్యె. వద్దంటే వద్దు, చెయ్యి అడ్డం పెడితే చాలు. ఆరోజు ఆవిడ నన్ను అడగలేదు, అడగాల్సింది. ఇప్పుడు మా ఆఫీసులో కత్తెర ముందు చూపిస్తారు, తలూపితేనే కోస్తారు.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి, టై పోయిందని చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. అంతా విని ఆయన అన్నది ఇది: "జాతర రోజు ఇస్త్రీ బట్టలతో వెళ్లింది నువ్వు, వాళ్లని అంటావేంట్రా."

నాకప్పుడు వెలిగింది. మా తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్లకి ఈ ఊరి సంగతి సగం చెప్పినట్టే. అక్కడ రోజుకో వేషం. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. మీసాలున్న మగాళ్లు చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వీధిలో తిరుగుతారు. నోటికొచ్చిన బూతు తిట్టినా ఆ రోజుల్లో తప్పు పట్టరు. ఇక్కడా అంతే. పండగని ఏలేది ముగ్గురు, రాజు, రైతు, కన్య. కన్య వేషం వేసేది ఆనవాయితీగా మగవాడే. పెద్ద పెద్ద నాయకుల బొమ్మలు చేసి బండ్లమీద ఊరేగిస్తూ వెక్కిరిస్తారు. మంగళవారం రాత్రి బార్ల ముందు నుబ్బెల్ అనే గడ్డిబొమ్మని తగలబెడతారు. కాల్చే ముందు ఒకడు అడుగుతాడు, "డబ్బంతా తగలేసింది ఎవరు?" జనం అరుస్తారు, "నుబ్బెల్!" "ఎక్కువ తాగింది ఎవరు?" "నుబ్బెల్!" ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసకాలం మర్నాటి నుంచే మొదలు. పాపాలన్నీ బొమ్మ నెత్తిన వేసి పడుకుంటారు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు ఆదివారం వెళ్లు. ఆరోజు కొలోన్‌లో బడిపిల్లలూ, పేటలవాళ్లూ సొంతంగా కుట్టుకున్న వేషాలతో ఊరేగుతారు. పేటని ఇక్కడ ఫేడెల్ అంటారు. టీచర్లు, తాతలు, తోపుడుబండిలో పసిపిల్లలు, అంతా కుటుంబాల జనం. సోమవారం పెద్ద ఊరేగింపు 1823 నుంచి కమిటీ పెట్టి నడుపుతున్నది. అందులో విసిరే మిఠాయిలే 300 టన్నుల దాకా ఉంటాయని లెక్క చెప్తారు. అదీ బాగుంటుంది గానీ గంటలకొద్దీ నిలబడాలి. మీ ఫ్లోర్‌వాళ్లు త్సుల్పిషర్ స్ట్రాసె అంటే మాత్రం నేను రానని చెప్పు. అది స్టూడెంట్ల బార్ల వీధి. మధ్యాహ్నానికే ఇసకేస్తే రాలనంత జనం, పోలీసులు రెండువైపులా కంచెలు వేసేస్తారు. అక్కడ పండగ చూసేదేమీ లేదు, ఎదుటివాడి వీపు తప్ప.

ఊరేగింపులో చేతులు పైకెత్తి "కమెల్లె!" అని అరవాలి, మిఠాయిలు పడతాయి. చిన్న పూలగుత్తులు కావాలంటే "ష్ట్రూస్యె!" ముసలివాళ్లు గొడుగు తిరగేసి పట్టుకుంటారు, వాళ్ల పక్కన నిలబడు, మిగిలినవి నీకే. పండగ పలకరింపుగా కొలోన్‌లో "అలాఫ్" అనాలి. మీ ఆఖెన్‌లోనూ అదే. "హెలావ్" అన్నావంటే డ్యూసెల్‌డార్ఫ్ మనిషివనుకుంటారు. ఈ రెండు ఊళ్ల మధ్య పంతం గురించి రాయాలంటే ఇంకో కాలమ్ కావాలి.

వేషానికి సిగ్గన్నావు. ముక్కుకి ఎర్రబంతి ఒకటి తగిలించుకో, చాలు. అక్కడ వేషం లేనివాణ్ణే అందరూ తిరిగి చూస్తారు. ఏం వేసుకున్నా చలికోటు మీద పట్టేంత వదులుగా ఉండాలి. ఫిబ్రవరి చలికి పల్చటి చొక్కాలతో వచ్చి గంటలో వణుకుతూ వెళ్లిపోయే మనవాళ్లని ఏటా చూస్తాను. తాగడం గురించి దిగులు పడకు. ఇక్కడి బీరు 0.2 లీటర్ల సన్నటి గ్లాసులో వస్తుంది. ఖాళీ అయితే వెయిటర్ అడక్కుండానే ఇంకోటి పెట్టేస్తాడు, గ్లాసు మీద అట్టబిళ్ల పెట్టేదాకా ఆపడు. నువ్వు యాపిల్ రసంలో సోడా కలిపింది తెప్పించుకో. తాగలేదని ఎవరూ అనరు. పాట రాగానే అందరూ చేతులు పెనవేసుకుని అటూ ఇటూ ఊగుతారు, అప్పుడు చేతులు జేబులో పెట్టుకుంటే అంటారు. పాటలు ఊరి యాసలో ఉంటాయి, నాకే సగం అర్థం కావు.

మా అమ్మాయి కొలోన్‌లో చదువుతోంది. నవంబరులో మొహానికి రంగులు పూసుకుని, ఎవరో అబ్బాయిలూ అమ్మాయిలూ మధ్యలో నిలబడి ఫోటో పంపింది. ఆ రాత్రి పదింటి దాకా ఫోన్ ఎత్తలేదు. ఆ ఊళ్లోనే ఒక న్యూ ఇయర్ రాత్రి ఆడపిల్లల్ని వేధించారని ఎప్పుడో పేపర్లో చదివాను. ఇలాంటివాటికి వెళ్లొద్దని చెప్పమంటారా బాబూ?
— ఒక తల్లి, గుంటూరు

అమ్మా, మీరు చదివింది నిజమే. 2015 డిసెంబరు 31 రాత్రి, పెద్ద చర్చి పక్కన రైల్వేస్టేషన్ దగ్గర జరిగింది అది. ఆ మరుసటి ఏడాదే ఇక్కడ చట్టం మార్చారు. ఆడమనిషి వద్దు అన్నాక ముట్టుకుంటే నేరమే, ఆవిడ పెనుగులాడినట్టు రుజువులు చూపించక్కర్లేదు. పండగ రోజుల్లో పోలీసులు కనబడని వీధి ఉండదు. వేధింపుల నుంచి కాపాడటానికి ఎడెల్‌గార్డ్ అని కొలోన్‌లో ఒక ఏర్పాటుంది. ఆ గుర్తున్న దుకాణంలోకో బార్‌లోకో ఆడపిల్ల వెళ్తే లోపల కూర్చోబెట్టి సాయం చేస్తారు. పోలీసు నంబరు 110, అంబులెన్స్‌కి 112. ఈ మూడూ అమ్మాయికి తెలుసో లేదో కనుక్కోండి.

ఫోన్ ఎత్తకపోవడానికి కారణం చాలాసార్లు మరీ చిన్నది. అంతమంది ఒకేచోట చేరితే సిగ్నల్ అందదు. అందుకని ముందే మాట్లాడుకోండి, రాత్రి ఎనిమిదికి గుంపులోంచి బయటికొచ్చి ఒక మెసేజ్ పెట్టాలని. ఎవరితో వెళ్తున్నావు, తప్పిపోతే ఎక్కడ కలుసుకుంటారు, తిరిగి ఏ ట్రామ్‌కి వస్తావు, ఈ మూడు ప్రశ్నలు అడగండి. తన గ్లాసు తన చేతిలోనే ఉంచుకోమనండి. వెళ్లొద్దని మాత్రం అనకండి. అంటే వెళ్లడం ఆగదు, ఫోటో పంపడం ఆగుతుంది. మా అక్క విషయంలో మా అమ్మ చేసిన పొరపాటు అది, తిరుపతిలోనే, జాతరకే.

ఆ ఫోటో తీసింది నవంబరు 11న అయ్యుంటుంది. ఆరోజు 11:11కి కార్నివాల్ కాలం మొదలని ఊరంతా వేషాలేస్తారు, అసలు పండగకి ఇంకా మూడు నెలలున్నా. అదే రోజు సెయింట్ మార్టిన్ పండగ కూడా. ఆ రోజుల్లో సాయంత్రం చీకటి పడ్డాక చిన్నపిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుని పాడుకుంటూ నడుస్తారు, ముందు గుర్రం మీద ఒక మనిషి. వచ్చే ఏడాది ఆ ఫోటో కూడా పంపమని అడగండి. మీకు నచ్చుతుంది.

దీపావళి కార్యక్రమానికి పట్టుచీర కట్టుకుని ట్రామ్ ఎక్కాను. ఆరోజు నవంబరు 11 అని గుర్తులేదు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ "ఎంత అందమైన వేషం!" అంది. నవ్వేసి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక ఏడ్చాను. కిందటేడు ఒకడు మొహానికి గోధుమరంగు పూసుకుని, తలపాగా చుట్టుకుని, మా క్లాసులో ఇండియన్ల యాస వెక్కిరించాడు. రెండూ ఒకటేనా? నేనే ఎక్కువ చేస్తున్నానా?
— ఒక విద్యార్థిని, బాన్

ఈ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. చీరల విషయంలో నా మాటకి విలువ లేదని మా ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది. తను అన్నది ఇది: "రెండూ ఒకటి కాదు. ఆ పెద్దావిడ పొరబడింది, వాడు వెక్కిరించాడు."

నాదీ అదే మాట, చెల్లెమ్మా. ట్రామ్ నిండా కోతులూ మంత్రగత్తెలూ ఉన్న రోజున జరీ అంచు చూసి ఆవిడకి అలా తోచింది. నవ్వుతూనే "దాస్ ఇస్ట్ కైన్ కోస్ట్యూమ్" అని చెప్పండి, ఇది వేషం కాదు, మా పండగ బట్ట అని. నూటికి తొంభైమంది నాలిక్కరుచుకుని, ఇది ఎన్ని మీటర్లు, ఎలా నిలబడుతుంది అని మొదలుపెడతారు. మా ఆవిడ ఓ ఏడు ఆదివారం ఊరేగింపుకి జీన్స్ మీద గద్వాల చీర చుట్టి, పైన స్కీ జాకెట్ వేసుకుని వచ్చింది. వేషంగా కాదు, బుద్ధి పుట్టి. పక్కన నిలబడ్డ ముసలమ్మకి ఊరేగింపు అయ్యేలోపు కుచ్చిళ్లు పెట్టడం నేర్పేసింది. మిఠాయిలన్నీ నేనే ఏరుకోవాల్సొచ్చింది.

రంగు పూసుకున్నవాడి సంగతి వేరు. పండగలో వెక్కిరింత పైవాళ్ల మీదికి పోవాలి, రాజుల మీద, మంత్రుల మీద, మేనేజర్ల మీద. కొత్తగా వచ్చి భాష తడబడుతున్నవాళ్ల మీదికి కాదు. ఇక్కడివాళ్లే దీని గురించి ఏటా వాదించుకుంటున్నారు. ఇంకొక జాతి మనిషిని వేషంగా వేసుకోవద్దని చాలా స్కూళ్లలో తల్లిదండ్రులకి ముందే చెప్తున్నారు. కాబట్టి మీరు ఎక్కువ చెయ్యడం లేదు. ఆరోజే చెప్పలేకపోయినా ఇప్పుడు చెప్పొచ్చు, నలుగురిలో కాకుండా వాడొక్కడికే. వినకపోతే మీ యూనివర్సిటీలో వివక్ష ఫిర్యాదులు తీసుకునేవాళ్లు ఉంటారు, ఒక ఈమెయిల్ చాలు. మళ్లీ చీర కట్టుకోవడం మాత్రం మానకండి.

నా ఫ్లాట్‌మేట్ క్రిస్మస్‌కి వాళ్ల ఊరికి రమ్మంది. 24 సాయంత్రం ఐదింటికి అంది. నేను శాకాహారిని. ఏం పట్టుకెళ్లాలి? చర్చికి కూడా వెళ్తారట, నేనూ వెళ్లాలా?
— ఒక విద్యార్థిని, డోర్ట్‌ముండ్

తప్పకుండా వెళ్లండి. ఈ దేశంలో 24 రాత్రికి ఇంటికి పిలిచారంటే చిన్న విషయం కాదు. అది బంధువుల రాత్రి. హాస్టల్లో ఉండిపోయేవాళ్లకి ఒక హెచ్చరిక: 24 మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు మూసేస్తారు, 25, 26 రెండూ సెలవులు. 2026లో 27 ఆదివారం కూడా కాబట్టి వరసగా మూడు రోజులు బంద్. పాలు, బియ్యం ముందే తెచ్చుకోండి.

ఐదంటే ఐదే. ఐదుంపావుకి వెళ్తే అందరూ మీకోసం నిలబడి ఉంటారు. పూలు తీసుకెళ్తే పైన చుట్టిన కాగితం తీసేసి ఇవ్వాలి, నాకు ఇది ఆరేళ్లు తెలీదు. శాకాహారం సంగతి ఇవాళే చెప్పేయండి. చాలా ఇళ్లలో ఆ రాత్రి భోజనం బంగాళదుంప సలాడ్, సాసేజ్‌లు, అంతే. విందు అనుకుని పొద్దుట్నుంచి కడుపు మాడ్చుకుని వెళ్తే ఇబ్బంది పడతారు. సలాడ్‌లో కూడా మాంసం ముక్కలో, మాంసం ఉడికించిన నీళ్లో కలిపే ఇళ్లున్నాయి, అడగడంలో తప్పేం లేదు. చెట్టు కింద మీ పేరుతోనూ ఒక చిన్న పొట్లం ఉంటుంది. అందుకని మీరూ ఇంటికి మొత్తంగా ఒక కానుక ఉంచుకోండి, ఖరీదైనది వద్దు. చర్చికి వెళ్లడం మీ ఇష్టం. వెళ్తే అందరూ లేచినప్పుడు లేచి, కూర్చున్నప్పుడు కూర్చోండి. ప్రసాదంలాంటిది పంచేటప్పుడు మాత్రం వరసలోకి వెళ్లకండి, అది వాళ్ల మతంలోకి వచ్చినవాళ్లకే.

నా మొదటి క్రిస్మస్‌కి నేను చేగోడీలు పట్టుకెళ్లాను. నా రూమ్మేట్ కాకినాడవాడు, వాళ్లమ్మ పార్సిల్ చేసినవి. డబ్బా ఆ ఇంటి నాయనమ్మ చేతిలో పెట్టి, కోటు తీసి తగిలించి వచ్చేసరికి ఆవిడ ఒక్కో చేగోడీకి ఎర్ర రిబ్బను కట్టి చెట్టుకి వేలాడదీస్తోంది. తినేవని చెప్పడానికి నాకు అప్పటికి సరిపడా జర్మన్ రాదు. ఒకటి కోసి తిని చూపించాను. చెట్టుమీది నగని నమిలేశానని ఇంటిల్లిపాదీ కాసేపు నిశ్శబ్దం. తర్వాత నాయనమ్మ తనూ ఒకటి కోసింది. పన్నెండింటికి చెట్టు ఖాళీ.

దీపావళికి హాస్టల్ వెనక టపాసులు కాల్చుకోవచ్చా? నా ఫ్రెండ్ పోలండ్ నుంచి తెస్తానంటున్నాడు.
— ఒక విద్యార్థి, ఎస్సెన్

వద్దు బాబూ. మామూలు జనం టపాసులు కాల్చడానికి ఇక్కడ డిసెంబరు 31, జనవరి 1 రెండు రోజులే. అమ్మేది కూడా ఆ ఏడాది చివరి మూడు రోజుల్లోనే, అదీ పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకి. ఆ రెండు రోజుల్లోనూ ఆస్పత్రులు, చర్చిలు, వృద్ధాశ్రమాల పక్కన నిషేధం. సరిహద్దు అవతల్నుంచి అనుమతి గుర్తు లేనివి తెస్తే అది టపాసుల కేసు కాదు, పేలుడు పదార్థాల కేసు. వీసా మీద ఉన్నవాడికి అంత సరదా అక్కర్లేదు. కాకరపువ్వొత్తులు మాత్రం ఏడాది పొడుగునా కాల్చుకోవచ్చు. పొగ పసిగట్టే అలారం ఉన్న గదిలో కాకుండా బయట.

మా ప్రొఫెసర్ పుట్టినరోజు సోమవారం. సోమవారం నేను రానని శుక్రవారమే శుభాకాంక్షలు చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. ఏం తప్పు చేశాను?
— ఒక విద్యార్థి, ఆఖెన్

ఇక్కడ పుట్టినరోజు ముందే చెప్తే అపశకునం. సైన్సు చదివినవాళ్లు కూడా దీనిలో మినహాయింపు కాదు. ఒకరోజు ఆలస్యమైనా పర్వాలేదు, గంట ముందు మాత్రం చెప్పకూడదు. మంగళవారం వెళ్లి మళ్లీ కొత్తగా చెప్పండి. పుట్టినరోజున కేక్ తెచ్చేది వాళ్లే, మనం కాదు. కాబట్టి మంగళవారం కాస్త పొద్దున్నే వెళ్తే కాఫీ గదిలో ఇంకా ఒక ముక్క ఉండొచ్చు.